నయాగరా తర్వాత చూద్దాం, ముందు మిల్లు చూపించండి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళకు అమ్మానాన్నలు వస్తే చూపించే చోట్ల జాబితా ఒకటి ఎవరూ రాయకుండానే స్థిరపడిపోయింది. నయాగరా, న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ, వాషింగ్టన్‌లో శ్వేతసౌధం ముందు ఫొటో, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. సెలవులూ డబ్బూ మిగిలితే లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్. ఆరు నెలల కోసం వచ్చిన పెద్దవాళ్ళను రెండు మూడు వారాలు ఈ జాబితా వెంట తిప్పి, అన్నీ చూపించామని తృప్తి పడతాం. మిగిలిన నెలలన్నీ వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని, మనిషన్నవాడు నడవని వీధిని చూస్తూ గడుపుతారు. ఈ జాబితా మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది.

జలపాతం గొప్పది కాదని నేననడం లేదు. కాని అక్కడ మా మామగారు చేయగలిగింది ఏముంది? నిలబడి చూడాలి, బాగుందనాలి, మనవడి పక్కన ఫొటో దిగాలి. తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషి ఆయన. వడ్లు గుప్పిట్లోకి తీసుకుని నలిపి, తేమ ఎంతో చెప్పేస్తారు. మా అత్తగారు ఏటా ఊరగాయలు ఇంటికి సరిపడా పెట్టి, తోబుట్టువుల ఇళ్ళకు కూడా పంపే మనిషి. వీళ్ళిద్దరినీ తీసుకుపోయి అద్దాల మేడల ముందు నిలబెడితే వాళ్ళకు తెలిసినదంతా ఎందుకూ పనికిరాకుండా పోతుంది. పని తెలిసినవాళ్ళకు పని చూపించాలి. నా వాదన మొత్తం ఇంతే. ఈ దేశంలో తిండి సరుకులు తయారుచేసే చోట్లు చాలావరకు జనాన్ని లోపలికి రానిస్తాయి. వాటిని చూపించండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఆ టూర్లన్నీ ప్రకటనలే కదా అని. నిజమే. అందులో దాపరికం కూడా లేదు. టూరు చివర తలుపు తోసుకుని బయటికి వస్తే తేలేది ఎప్పుడూ వాళ్ళ దుకాణంలోనే. అసలు చాలా పేరున్న చోట్ల ఇప్పుడు ఫ్యాక్టరీయే కనిపించదు. పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊళ్ళో ఒకప్పుడు నిజమైన చాక్లెట్ ఫ్యాక్టరీలోకి జనాన్ని తీసుకువెళ్ళేవారు. ఏడాదికి పది లక్షల మందికి చేరువయ్యేసరికి తట్టుకోలేక 1973లో ఆ టూరు ఆపేసి, దాని బదులు చాక్లెట్ వరల్డ్ అనే భవనం కట్టారు. అందులో చిన్న బండిలో కూర్చుంటే పాటలు పాడే బొమ్మ ఆవులు కనిపిస్తాయి. మా అబ్బాయికి నచ్చింది. నాకు ఒళ్ళు మండింది. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ ఊళ్ళో కెలాగ్స్ వాళ్ళు ఎన్నో దశాబ్దాల పాటు కార్న్ ఫ్లేక్స్ తయారీ చూపించి, పోటీ కంపెనీలవాళ్ళు జనంలో కలిసి వచ్చి చూసి పోతున్నారన్న భయంతో 1986లో తలుపులు మూసేశారు. ఆ భయం సంగతి వింటే నాకు ముచ్చటేస్తుంది. చూస్తే తెలిసిపోయేది ఏదో అక్కడ ఉందన్నమాట. బొమ్మ ఆవులను చూసి ఏ పోటీదారు ఏం నేర్చుకుంటాడు?

కాబట్టి నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే. లోపల నిజంగా పని జరుగుతూ ఉండాలి, అది కంటికో ముక్కుకో అందాలి. అక్కడ పని తెలిసిన మనిషి ఎవరైనా ఉండి, అడిగితే చెబితే ఇంకా మంచిది.

మేముండేది హ్యూస్టన్ పక్కన. ఇక్కడినుంచి గంటా గంటన్నర దూరంలో బ్రెనమ్ అనే చిన్న ఊళ్ళో బ్లూ బెల్ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఉంది. 1907లో చుట్టుపక్కల రైతుల దగ్గర మిగిలిపోయే మీగడ కొని వెన్న తీయడానికి పెట్టిన సంస్థ అది. 1911లో ఐస్‌క్రీమ్ మొదలుపెట్టారు. ఇప్పుడు పైన ఒక వసారాలో నిలబడి గాజు పలక వెనక నుంచి కింద డబ్బాలు నిండడం చూడవచ్చు. చూసినందుకు డబ్బు తీసుకోరు. వసంతంలో దారి పొడవునా నీలి పూలు. పెద్దవాళ్ళను మొదట అక్కడికే తీసుకువెళ్ళాం, కారులోనే.

ఆ గాజు పలక గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ప్రకటన అయిపోతుంది. 2015 ఏప్రిల్‌లో బ్లూ బెల్ తన సరుకంతా దుకాణాల నుంచి వెనక్కు తెప్పించుకుంది. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఐస్‌క్రీమ్‌లో చేరింది. కాన్సస్‌లో ముగ్గురి మరణాలకు దానితో సంబంధం ఉందని తేలింది. 2020లో కంపెనీ నేరం ఒప్పుకుని కోటీ 72 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది. అంతకుముందు కూడా జనం ఆ ఫ్యాక్టరీకి వచ్చి చూస్తూనే ఉన్నారు, పిల్లలు తింటూనే ఉన్నారు. గాజు వెనక నుంచి చూస్తే తళతళలాడే ఉక్కు కనిపిస్తుంది కానీ సూక్ష్మజీవి కనిపించదు. టూరు చూసి వచ్చి "ఎంత శుభ్రమో" అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళను నేను నమ్మను. శుభ్రం సంగతి చూడటానికి తనిఖీ అధికారులున్నారు, పరీక్షలున్నాయి. మనం వెళ్ళేది ఒక వస్తువు ఎలా తయారవుతుందో చూడటానికి.

కారులో ఈ సంగతి వివరిస్తుంటే మా మామగారు, "మన మిల్లుకు ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ముందురోజు రాత్రంతా ఊడ్పించేవాళ్ళం," అన్నారు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. ఆయనకు కొత్తగా తెలిసిందేమీ లేదని నాకు అర్థమైంది.

ఇక ఆర్వీ. వంటగది, మంచాలు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న బండిని అద్దెకు తీసుకుని ఊళ్ళమీద తిరగడం ఇక్కడివాళ్ళకు సరదా. మాకు సరదా కన్నా అవసరం ఎక్కువ. మామగారికి చక్కెర జబ్బు, గంటకోసారి బండి ఆపాలి. అత్తగారు మాంసం ముట్టరు. మేం వెళ్ళదలచుకున్నది దక్షిణ లూసియానా. అక్కడ చిక్కుడు గింజల కూరలో కూడా పంది మాంసం ముక్క పడుతుంది. కాబట్టి బియ్యం, కందిపప్పు, చింతపండు, చిన్న కుక్కరు వేసుకుని బయల్దేరాం. ఆర్వీ గురించి పొగడ్తలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక నేను మిగతా సగం చెబుతాను. అది తాగినంత పెట్రోలు మరేదీ తాగదు. గ్యాలన్‌కు పది మైళ్ళు వస్తే పండగే. పక్కనుంచి పెద్ద లారీ పోతే బండి మొత్తం ఊగుతుంది. మరుగుదొడ్డి తొట్టి నిండితే గొట్టం తగిలించి ఖాళీ చేయవలసింది మనమే. మావారు ఆ పని చేస్తున్నప్పుడు కుటుంబంలో ఎవరూ ఆ దరిదాపులకు పోలేదు. పైగా పాత ఊళ్ళ నడిబొడ్డున బండి నిలిపే చోటు దొరకదు. ఫ్యాక్టరీల దగ్గర మాత్రం ఆ బాధ లేదు. సరుకు లారీలు తిరిగే చోట మన బండికి చోటు ఉండనే ఉంటుంది.

హ్యూస్టన్ నుంచి తూర్పుకు ఐ-10 రహదారి పట్టుకుంటే లేక్ చార్ల్స్ ఊరి దగ్గర కాల్కషూ నది మీద 1952 నాటి వంతెన వస్తుంది. నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పక్కన ఇనుప కమ్మీల నిండా అడ్డంగా పెట్టిన జంట పిస్తోళ్ళ బొమ్మలు. సముద్రపు దొంగల కథలకు గుర్తుగా పెట్టారట. చిన్న కారులో వెళ్ళేవాళ్ళు ఆ బొమ్మలు చూస్తారు. ఆర్వీ నడిపేవాళ్ళు ముందున్న గీత తప్ప ఏమీ చూడరు. వంతెన దిగాక మావారు అయిదు నిమిషాలు మాట్లాడలేదు.

ఆ తర్వాతే అసలు కథ. లేక్ చార్ల్స్ దాటి క్రౌలీ వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు నిండిన మడులు. గట్లు, బోదెలు, కొంగలు. మామగారు కూర్చున్న చోటినుంచి లేచి ముందు సీటు పట్టుకుని నిలబడ్డారు. ఈ ప్రాంతం వరి దేశం. ఆర్కాన్సా, కాలిఫోర్నియా తర్వాత అమెరికాలో ఎక్కువ వరి పండేది లూసియానాలోనే. క్రౌలీ ఊరు తనను తాను అమెరికా బియ్యపు రాజధాని అని పిలుచుకుంటుంది. అయితే ఏప్రిల్‌లో ఆ మడులన్నిటిలో వరి లేదు. కొన్నిటిలో తీగ బుట్టలు వరుసగా నాటి ఉన్నాయి, నీళ్ళమీద మూతులు మాత్రం కనిపిస్తున్నాయి. అవి క్రాఫిష్ పట్టే బుట్టలు. మంచినీటిలో బతికే, రొయ్యకూ పీతకూ మధ్యస్థంగా ఉండే జీవి అది. వరి కోశాక మోళ్ళ నుంచి మళ్ళీ పచ్చగా పిలకలు వస్తాయి. అప్పుడు నీళ్ళు పెట్టి వదిలేస్తే, ఆ గడ్డీ కుళ్ళిన ఆకూ ఆధారంగా క్రాఫిష్ పెరుగుతాయి. చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా వాటిని పడతారు. తర్వాత మళ్ళీ వరి.

"వరి మీద మినుము చల్లినట్టే," అన్నారు మామగారు. కృష్ణా డెల్టాలో కోతకు ముందే చేలో మినుములో పెసలో చల్లుతారు. వరి కోసేసరికి కింద మొలకలు లేచి ఉంటాయి. ఆ తేమతోనే రెండో పంట. ఆయన అంతటితో ఆగలేదు. మన భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులు తవ్విన పొలం మళ్ళీ పొలం కాదు. ఉప్పునీరు పక్క చేలకు కూడా దిగుతుంది. ఇక్కడ అదే మడిలో, అదే గట్టు మధ్య, పంట మారి జీవి, జీవి మారి పంట. "ఇది ఎవరైనా వెళ్ళి మనవాళ్ళకు చెప్పారా?" అని అడిగారు. మన రొయ్య ఉప్పునీటిని కోరుతుంది, ఇది మంచినీటి జీవి, కాబట్టి పోలిక పూర్తిగా కుదరదని మావారు వాదించారు. ఇద్దరూ లఫాయెట్ చేరేదాకా ఆ సంగతే మాట్లాడుకున్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఆ తండ్రీకొడుకులు అంతసేపు మాట్లాడుకోగా నేను చూడలేదు. నయాగరా దగ్గర వాళ్ళ సంభాషణ "చలిగా ఉందా నాన్నా?" "లేదురా" దగ్గర ఆగిపోయింది.

న్యూ ఐబీరియా ఊళ్ళో కాన్రికో అనే పేరుతో బియ్యం అమ్మే కాన్రాడ్ రైస్ మిల్లు ఉంది. 1912లో పెట్టారు. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న రైస్ మిల్లులలో ఇదే పాతదని చెబుతారు. ప్రభుత్వం చారిత్రక కట్టడంగా కూడా గుర్తించింది. పక్కనే వాళ్ళ కొట్టు, అందులో టికెట్. మొదట ఆ ప్రాంతపు జనం గురించి కాస్త చెబుతారు. కెనడా తూర్పు తీరం నుంచి 1755లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళగొట్టిన ఫ్రెంచివాళ్ళ సంతతి ఇక్కడి కేజన్లు. తర్వాత మిల్లు. పాత కట్టడం, చెక్క నేల, పైన దూలాల వెంట తిరిగే ఇరుసులు, వాటినుంచి కింది యంత్రాలకు బెల్టులు. ఒక ఇరుసు తిరిగితే మిల్లంతా తిరిగే పాత పద్ధతి.

గైడుగా వచ్చిన ఆవిడ మర్యాదస్తురాలు. రోజూ చెప్పే పాఠం చెబుతోంది. మామగారు నా చెవిలో ఒక ప్రశ్న వేశారు, నేను అనువదించాను. నూక ఎంత శాతం పోతుంది అని. ఆవిడ కొంచెం ఆగి, ఎవరినో పిలిచింది. లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. తర్వాత జరిగిన సంభాషణలో నా అవసరం చాలా తక్కువ పడింది. మామగారు జల్లెడ వైపు చూపిస్తే ఆయన వేళ్ళతో సందు వెడల్పు చూపించాడు. మామగారు దోసిలి పట్టి ఊదినట్టు చేస్తే ఆయన ఊక పోయే గొట్టం చూపించాడు. 100 కిలోల వడ్లు ఆడిస్తే 65 నుంచి 70 కిలోల బియ్యం, మిగిలింది ఊక, తవుడు అన్న లెక్క ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. తేడా అంతా ఆ బియ్యంలో ముక్కలు కాని గింజ ఎంత అన్నదాంట్లో ఉంది. నూక ఏం చేస్తారని అడిగితే, ఈ దేశంలో అది బీరు తయారీకీ, కుక్కల తిండిలోకీ పోతుందని చెప్పాడు. మామగారి మొహం చూడాలి. నూకలతో ఉప్పుపిండి చేసుకునే ఇంట్లోంచి వచ్చిన మనిషి. "కుక్కలకా?" అని నన్ను రెండుసార్లు అడిగారు, నేను తప్పుగా అనువదించానేమోనని.

మాతోపాటు టూరులో ఉన్న మిగతా జనం ఓపిగ్గా నిలబడ్డారు. ఒకాయన విసుక్కున్నాడని కూడా చెప్పాలి. అతని టైము మేం తిన్న మాట నిజమే.

అక్కడినుంచి ఏవరీ ఐలండ్ ఎంతో దూరం లేదు. పేరుకు ద్వీపం. చుట్టూ సముద్రం లేదు, చిత్తడి నేల, బురద కాలువలు. మధ్యలో 160 అడుగుల దాకా లేచిన గుట్ట. ఆ గుట్టకు కారణం లోపల ఉన్న ఉప్పు. భూగర్భంలోని ఉప్పు పొర పైకి పొడుచుకు వచ్చి నేలను ఎత్తేసింది. చినగంజాం ఉప్పు కొఠార్లలో సముద్రపు నీరు ఎండి ఉప్పు తేలడం చూసిన మా అత్తగారికి, కాళ్ళ కింద కొండంత ఉప్పు ఉందంటే నమ్మకం కలగలేదు. టబాస్కో అనే మిరప సాస్ పుట్టింది ఇక్కడ. మనవాళ్ళందరి ఇళ్ళలో ఒక సీసా ఉంటుంది, పిజ్జా తెచ్చుకున్న రోజు బయటికి వస్తుంది.

ఆ సాస్ పుట్టుక కథ మన ఊళ్ళో జరిగినట్టే ఉంటుంది. ఎడ్మండ్ మెకిలెన్నీ న్యూ ఆర్లియన్స్‌లో బ్యాంకు వ్యాపారం చేసేవాడు. అంతర్యుద్ధంలో అంతా పోయింది. భార్య పుట్టింటివాళ్ళయిన ఏవరీలకు ఈ గుట్ట మీద చెరకు తోట ఉండేది. యుద్ధానికి ముందు దాన్ని నడిపింది బానిసల శ్రమ. దివాలా తీసిన అల్లుడు అత్తవారింటికి చేరి, పెరట్లో మిరపమొక్కలు వేసుకున్నాడు. 1868లో అమ్మకం కోసం పంట తీశాడు, మరుసటి ఏడు 658 సీసాలు అమ్మాడు, సీసా డాలరు చొప్పున. ఇల్లరికపు అల్లుడి పెరటి వ్యవసాయం అంత దూరం పోతుందని ఏ అత్తగారు అనుకుంటుంది? మా అత్తగారు మాత్రం ఈ కథ విని ఆ అత్తగారి వైపే నిలబడ్డారు. స్థలం ఆవిడది, ఉప్పు ఆవిడది, పేరు అల్లుడిదా అని.

అక్కడ గైడు వెంట తిప్పరు. టికెట్ కొనుక్కుని మన ఇష్టం వచ్చినట్టు తిరిగి చూడవచ్చు. మ్యూజియం, మొక్కల షెడ్డు, పీపాల గోదాము, కలిపే చోటు, సీసాలు నింపే చోటు. మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడలేదు. పీపాల గోదాము దగ్గర మాత్రం ముక్కు ముందే చెప్పింది. పండుమిరప, పులుపు, పాత చెక్క కలిసిన ఘాటు. నాకు తుమ్ములు, మా అబ్బాయికి కళ్ళలో నీళ్ళు. అత్తగారు ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, "కొరివి కారం," అన్నారు.

అది అక్షరాలా నిజం. మన ఇళ్ళలో పండుమిరపకాయలు కడిగి, ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పు వేసి దంచి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకి ఎత్తుతాం. మూడో రోజు తీసి రుబ్బుతాం. ఇక్కడ పండుమిరపకాయలను కోసిన రోజే ఉప్పుతో కలిపి నలిపేస్తారు. ఆ ముద్దను ఒకప్పుడు విస్కీ నింపిన తెల్ల ఓక్ చెక్క పీపాలకు ఎత్తి, మూత మీద మందంగా ఉప్పు పరుస్తారు. అది గట్టిపడి, లోపల పులిసేటప్పుడు పుట్టే గాలిని బయటికి పోనిస్తుంది, బయటి గాలిని లోపలికి రానివ్వదు. మూడేళ్ళ దాకా అలా ఊరనిస్తారు. అంతే తేడా, మూడు రోజులకూ మూడేళ్ళకూ. ఇక చింతపండు బదులు వెనిగర్. దాన్ని చివర కలిపి కొన్ని వారాలు తిప్పి, గింజలూ తొక్కలూ వడకట్టేసి రసం సీసాలకు ఎత్తుతారు.

ఈ చివరి మెట్టు దగ్గర మా అత్తగారికి అసలు అభ్యంతరం వచ్చింది. "అమ్మాయ్, పచ్చడి పారేసి ఊట అమ్ముకుంటున్నారే!" అన్నారు. ఊరగాయ ఊట అన్నంలో కలుపుకుని తిన్నవాళ్ళెవరైనా ఈ మాటలోని న్యాయం ఒప్పుకుంటారు. తర్వాత కొట్టులో రుచి చూపించినప్పుడు చెంచాడు నోట్లో వేసుకుని, కారం ఎప్పుడు తగులుతుందా అని కాసేపు ఎదురుచూశారు. టబాస్కో సాస్ కారం స్కోవిల్ కొలతలో 2,500 నుంచి 5,000 దాకా ఉంటుంది. మన గుంటూరు సన్నం అంతకు ఎన్నో రెట్లు. అక్కడ మిరప కలిపిన ఐస్‌క్రీమ్ కూడా పెడతారు. దాని గురించి ఆవిడ చేసిన వ్యాఖ్య ఇక్కడ రాయను.

మరి మిరపచేలు ఎక్కడ? ఇదీ ఆవిడ అడిగిందే, నాకు అప్పటిదాకా తట్టలేదు. గుట్ట మీద వేసేది ప్రధానంగా విత్తనం కోసం. ఆ విత్తనం మధ్య, దక్షిణ అమెరికా దేశాలకూ ఆఫ్రికాకూ పోతుంది. అక్కడ పండి, అక్కడే ఉప్పు కలిపిన ముద్దయి, ఊరడానికి మళ్ళీ ఇక్కడికి వస్తుంది. కాయ ఎంత పండితే కోయాలో చూడటానికి ఎర్రరంగు పూసిన చిన్న పుల్ల ఒకటి చేలో పెట్టుకునేవారు. కాయ రంగు పుల్ల రంగుకు కలిస్తేనే కోత. ఆ పుల్లను ఎంతో మంది ఫొటో తీసుకుంటారు. దాన్ని పట్టుకుని ఎండలో వంగి కోసే చేతులు మాత్రం ఈ గుట్ట మీద ఇప్పుడు పెద్దగా లేవు. టూరు చూపించే పనిలో మొదటి సగం వేరే దేశాల్లో ఉండిపోయింది. గుంటూరు మిర్చి యార్డుకు పర్యాటకులెవరూ రారు గానీ, అక్కడికి వెళితే టిక్కీలనే మిరప బస్తాలతోపాటు వాటిని మోసే మనిషీ, అమ్ముకోవడానికి వచ్చిన రైతూ కనిపిస్తారు. దగ్గు ఆపుకోగలిగినవాళ్ళకు అది ఈ గోదాము కన్నా పెద్ద టూరు.

మధ్యాహ్నం గుట్ట అవతలి జంగిల్ గార్డెన్స్ తోటలోకి వెళ్ళాం. పెద్దవాళ్ళు బండి దిగకుండానే చాలా చూడవచ్చు. ఎడ్మండ్ కొడుకు ఎడ్వర్డ్ ఏవరీ మెకిలెన్నీ, ఆడవాళ్ళ టోపీలకు ఈకల కోసం వేటాడి తెల్లకొంగలను తుడిచిపెట్టేస్తున్న కాలంలో, 1895 ప్రాంతంలో ఎనిమిది పిల్లలను తెచ్చి పెంచి వదిలాడు. వలస పోయి అవి తిరిగి వచ్చాయి. ఇప్పుడు వసంతంలో కొలను మధ్య వెదురు తడికల మీద వేలల్లో గూళ్ళు. చప్పుడూ వాసనా రెండూ భరించడం కష్టం. తోటలో శతాబ్దాల నాటి బుద్ధ విగ్రహం ఒకటి ఉంది. మొసళ్ళూ ఉన్నాయి. మా అబ్బాయి ఓటు మొసళ్ళకు.

రాత్రి బస ఒక స్టేట్ పార్కులో. కరెంటు, నీళ్ళు తగిలించుకుని, బండిలో కుక్కరు పెట్టాం. మిల్లు కొట్టులో కొన్న బియ్యం, టమాటా పప్పు. ఎసరు ఎంత పెట్టాలన్నదాని మీద పెద్దవాళ్ళిద్దరికీ భేదాభిప్రాయం వచ్చింది. అన్నం కాస్త ముద్దయింది, ఎవరు గెలిచారో చెప్పను.

నా స్నేహితురాలు ఒకావిడ ఇదంతా విని, "లక్షలు పోసి టికెట్టు కొని తెచ్చింది మిల్లు చూపించడానికా? మిల్లు వాళ్ళ ఊళ్ళో లేదా?" అంది. ఉంది. మిల్లు వాళ్ళ ఊళ్ళో ఉంది కాబట్టే ఇక్కడి మిల్లులో వాళ్ళు ప్రశ్న వేయగలిగారు. గ్రాండ్ కాన్యన్ ముందు ఎవరికి ఏ ప్రశ్న వస్తుంది? ఇంకో మాట కూడా అంది, ఇది కొంత సబబైనదే. అందరి అమ్మానాన్నలూ రైతులో మిల్లు గుమాస్తాలో కారు, బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళకు ఇవేం పడతాయి అని. నిజమే, అలాంటివాళ్ళకు వేరే చోట్లు వెతకాలి. అయితే ఊరగాయ పెట్టిన చెయ్యి, పాలు తోడు వేసిన చెయ్యి మన ముందు తరంలో లేని ఇల్లు అరుదు. ఆ చేతికి వీటిలో ఏదో ఒకటి పరిచయమే.

వెళ్ళదలచినవాళ్ళు శని, ఆదివారాలు పెట్టుకోవద్దు. చాలా చోట్ల ఆ రెండు రోజులూ తయారీ ఆగిపోతుంది, కొట్టు మాత్రం తెరిచి ఉంటుంది. ముందురోజు ఫోను చేసి, రేపు యంత్రాలు నడుస్తాయా అని సూటిగా అడగండి. జున్ను చేసే చోటికి శాకాహారులను తీసుకువెళుతుంటే పాలు విరవడానికి ఏది వాడతారో ముందే కనుక్కోండి. కొన్నిటిలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. రుచి చూశాక తెలిస్తే ఇంట్లో రెండు రోజులు మాటలుండవు. చెరకు పని చూడాలంటే దక్షిణ లూసియానాకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వెళ్ళాలి. మేం ఏప్రిల్‌లో వెళ్ళాం కనుక లేత చెరకు చేలు, అబ్బెవిల్ ఊళ్ళో 1910 నుంచి చెరకు పాకం పట్టే స్టీన్స్ వాళ్ళ పసుపు డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. ఆర్వీ తీసుకునేటప్పుడు మెట్టు ఎత్తు చూసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మిగతా హంగులన్నిటికన్నా అది ముఖ్యం.

వచ్చే ఏడు యెల్లోస్టోన్ అని మావారు ఇప్పటికే అంటున్నారు. మామగారు ఆర్కాన్సాలో స్టట్‌గార్ట్ అనే ఊరి పేరు ఎక్కడో చదివారు. అక్కడ మిల్లులు చాలా పెద్దవట, లోపలికి రానిస్తారేమో కనుక్కోమని నాకు పని అప్పగించారు. రానివ్వకపోతే రోడ్డు మీద నుంచి గిడ్డంగులైనా చూసి వద్దామంటున్నారు.